ఎక్కని విమానాన్ని కొనొద్దు

లోహపు పోతతో చేసే డైకాస్ట్ బొమ్మ విమానాలు పోగుచేసే అనుభవజ్ఞుల దగ్గరికి వెళ్లి సలహా అడిగితే నాలుగు మాటలు తప్పకుండా చెబుతారు. అరుదైనవి కొనమంటారు. పెట్టె పారేయొద్దంటారు. చేత్తో ముట్టుకోవద్దంటారు. ఒకేలాంటివి రెండు కొని డబ్బు తగలేయొద్దంటారు. నెలలో సగం రోజులు విమానాల్లో తిరిగే మనిషికి ఈ నాలుగింటిలో ఒక్కటీ పనికిరాదు. ప్రపంచంలోని విమానాలన్నిటినీ ఇంట్లో కూర్చుని చూసుకోవాలనుకునే వాళ్లకు అవి చెల్లుతాయి. సోమవారం చీకటితో లేచి శంషాబాద్‌లో బెంగళూరు ఫ్లైటు ఎక్కి, గురువారం రాత్రి తిరిగొచ్చి, మళ్లీ సోమవారం బయల్దేరే వాళ్ల సంగతి వేరు. వాళ్ల అరలో ఉండాల్సింది వాళ్లను మోసిన విమానం. ఆ రకం విమానం, ఆ కంపెనీ విమానం అంటే చాలదు. తోక దగ్గర రాసి ఉన్న అక్షరాలతో సహా అదే విమానం కావాలి.

ఈ నియమం ఒక్కటి పెట్టుకుని కింద చెప్పినవన్నీ చేయండి. ఇంట్లోవాళ్లు, ఆఫీసులో టికెట్లు చూసేవాళ్లు, ఈ సరదా ఉన్న మిత్రులు, అందరూ మీరు చేసేది తప్పంటారు. వాళ్ల మాట వినకండి.

ముందు అక్షరాలు పట్టుకోండి

మన దేశంలో నమోదైన ప్రతి విమానానికీ వీటీ అని మొదలై, ఒక గీత తర్వాత మూడు అక్షరాలుంటాయి. అంతర్జాతీయ నియమాల ప్రకారం విమానం ఒంటి మీద ఆ అక్షరాల ఎత్తు కనీసం 30 సెంటీమీటర్లు, రెక్క కింద కనీసం 50 సెంటీమీటర్లు ఉండాలి. అంత పెద్దగా రాసి ఉన్నా ఎక్కేవాళ్లలో ఎవరూ చదవరు. బోర్డింగ్ పాస్ మీద ఆ అక్షరాలు ఉండవు. సీటు జేబులోని భద్రతా కార్డు విమానం రకం మాత్రమే చెబుతుంది. కాబట్టి విమానం ఒంటి మీద చూసి చదవాల్సిందే.

అందుకే ఏరోబ్రిడ్జిని కోరుకోకండి. దానిలో నడిచి వెళ్తే ముందు తలుపు తప్ప విమానంలో ఇంకేమీ కనబడదు. బస్సులో తీసుకెళ్లి ఎక్కించే గేటు పడిందని చుట్టూ అందరూ విసుక్కుంటుంటే మీరు సంతోషించండి. బస్సులో చివరగా ఎక్కి తలుపు పక్కనే నిలబడితే ముందుగా దిగుతారు. దిగగానే మెట్ల వైపు పరుగెత్తకండి. వెనక తలుపు దగ్గర మెట్లు వేసి ఉంటే, మీ సీటు మూడో వరసలో ఉన్నా సరే, వెనక నుంచే ఎక్కండి. అక్షరాలుండేది ఆ పక్కనే. లోపల ఎదురొచ్చే వాళ్లను తప్పించుకుంటూ ముందుకు నడవాల్సి వస్తుంది, కాస్త చిరాకు పడతారు. పడనివ్వండి.

ఏరోబ్రిడ్జి తప్పకపోతే గేటు దగ్గరి అద్దం గోడ పక్కన నిలబడి ముందు చక్రం తలుపులు చూడండి. చాలా కంపెనీలు అక్షరాల్లో చివరివి అక్కడ మళ్లీ రాస్తాయి. అదీ కుదరకపోతే విమానంలోకి అడుగుపెట్టేటప్పుడు తలుపు చట్రం మీద తయారీదారు బిగించిన చిన్న లోహపు పలక కోసం వెతకండి. దాని మీద విమానం వరస సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య దొరికితే అక్షరాలు తెలుసుకోవడం ఎంతసేపు?

అన్నిటికంటే ఏటీఆర్ మేలు. దానిలోకి ప్రయాణికులు ఎక్కేది వెనక తలుపు నుంచే, కాబట్టి ఎవరైనా సరే అక్షరాల పక్క నుంచే వెళ్లాలి. కడప, రాజమండ్రి లాంటి చోట్ల ఏటీఆర్ దాకా నడిచి వెళ్లేటప్పుడు దొరికేంత తీరిక పెద్ద ఎయిర్‌పోర్టుల్లో దొరకదు. ఒక్క హెచ్చరిక: విశాఖపట్నంలో ఫోను బయటికి తీయొద్దు. అది నౌకాదళం వారి ఐఎన్‌ఎస్ డేగా. కళ్లతో చదువుకుని, లోపల కూర్చున్నాక రాసుకోండి.

ఫ్లైట్ ట్రాకింగ్ యాప్‌లలో ఆ రోజు ఏ విమానం వచ్చిందో కనబడుతుందన్న మాట నిజమే. కానీ కొద్ది రోజులు దాటితే ఆ వివరం ఉచితంగా చూపించవు. అందుకే ఏ రోజుది ఆ రోజే రాసుకోవాలి. ఒక మంచి పద్దు పుస్తకం కొనండి. తేదీ, ఫ్లైటు నంబరు, ఎక్కడి నుంచి ఎక్కడికి, అక్షరాలు, సీటు నంబరు, ఇవి చాలు. ఆ పుస్తకమే మీ అసలు సంపాదన. అల్మరా దానికి బొమ్మలు మాత్రమే.

టికెట్ తీసుకునేటప్పుడు టైము చూడొద్దు

విమానం చూడండి. టికెట్ బుక్ చేసే చోట ఏ320, ఏ321, ఏటీఆర్ అని సన్న అక్షరాలతో వేస్తారు. మీ పుస్తకంలో లేని రకం ఏ పూట ఉంటే ఆ పూటే వెళ్లండి. మధ్యాహ్నం మీటింగుకు తెల్లవారుజామునే దిగాల్సి వచ్చినా సరే.

హైదరాబాద్ నుంచి విజయవాడకు విమానంలో వెళ్తానంటే నవ్వేవాళ్లుంటారు. రోడ్డు మీద 270 కిలోమీటర్ల చిల్లర, ఐదు గంటలు. శంషాబాద్ దాకా వెళ్లడం, ముందుగా చేరి కూర్చోవడం, గన్నవరం నుంచి ఊళ్లోకి రావడం అన్నీ కలిపితే మిగిలే సమయం తక్కువే. ఆ లెక్క తప్పని నేననను. అయినా వెళ్లండి. 78 సీట్ల ఏటీఆర్ 25,000 అడుగులు దాటి ఎగరదు. రెక్క పైన ఉంటుంది కాబట్టి కిటికీకి అడ్డం రాదు. కృష్ణ, ఇసుక తిన్నెలు, పొలాల గట్లు, రోడ్డు మీద కార్లు అన్నీ కనబడతాయి. ఆ ప్రయాణం తర్వాత ఇంటికొచ్చి 7 సెంటీమీటర్లు కూడా లేని ఏటీఆర్ మోడల్‌ను చేతిలో పట్టుకున్నప్పుడు, కారులో వచ్చినవాడికి దక్కనిది మీకు దక్కుతుంది.

2024 జనవరిలో ఎయిరిండియా తన కొత్త ఏ350లను సముద్రాలు దాటించే ముందు సిబ్బందికి అలవాటు కావడానికి దేశం లోపలే తిప్పింది. హైదరాబాద్ కూడా ఆ రూట్లలో ఉంది. మన దేశానికి వచ్చిన మొట్టమొదటి ఏ350, వీటీ-జేఆర్‌ఏ, అప్పుడే సేవలోకి వచ్చింది. గంటన్నర ప్రయాణానికి అంత పెద్ద విమానం మళ్లీ ఎప్పుడు దొరుకుతుంది? ఆ రోజుల్లో పని ఒక రోజు వెనక్కి జరిపి మరీ దాన్ని ఎక్కినవాళ్లు సరైన పని చేశారు. సెలవు పెట్టి ఎక్కినవాళ్లు ఇంకా సరైన పని చేశారు.

విమానం మారిందని మెసేజ్ వస్తే ముందు వరసలో డబ్బు కట్టి తీసుకున్న సీటు పోవచ్చు. ఫోన్ చేసి గొడవపడకండి. పుస్తకంలో ఒక కొత్త పంక్తి వస్తోంది.

అమెరికా ప్రయాణానికి కూడా ఇదే మాట. మన వాళ్లందరూ ఒక్క స్టాపుతో ముగించాలని చూస్తారు. ఒక్కరే వెళ్తుంటే రెండు స్టాపులు పెట్టుకోండి, మూడు రకాల విమానాలు వస్తాయి. అమ్మానాన్నలు వెంట ఉంటే మాత్రం ఈ సలహా వర్తించదు. వాళ్లకు వీల్‌చెయిర్ చెప్పి, తక్కువ నడక ఉండే దారిలో తీసుకెళ్లండి. చంటిపిల్లలున్నా అంతే. 2021 జనవరిలో ఎయిరిండియా హైదరాబాద్ నుంచి షికాగోకు ఎక్కడా ఆగకుండా 777-200ఎల్‌ఆర్‌తో సర్వీసు మొదలుపెట్టింది. అప్పటికి వాళ్ల దగ్గర ఆ రకం విమానాలు మూడే ఉన్నాయి: వీటీ-ఏఎల్‌ఎఫ్, ఏఎల్‌జీ, ఏఎల్‌హెచ్. ఆ తొలిరోజుల్లో మీరు అలా వెళ్లి ఉంటే, ఆ మూడింట్లో ఏదో ఒకటి మీ అరలోకి రావాల్సిందే. సర్వీసు ఎన్నాళ్లో నడవలేదు, కాబట్టి తేదీ సంపాదిస్తే సగం పని అయినట్టే.

ఒకటే కొలత

1:400, అంటే నిజం విమానంలో నాలుగు వందో వంతు కొలత తీసుకోండి. 1:200లో ముచ్చటగా ఉంటాయి, ఇంజిన్లలో ఫ్యాన్లు కూడా తిరుగుతాయి, కానీ నెలకు అరడజను విమానాలు ఎక్కేవాళ్లకు ఇల్లు చాలదు. 1:500లో జర్మనీ కంపెనీ హెర్పా చాలా ఏళ్లుగా చేస్తోంది, అవి మరీ చిన్నవి. 1:400లో ఏ320 పొడవు 9.4 సెంటీమీటర్లు, రెక్కల వెడల్పు 9 సెంటీమీటర్ల లోపు. మీటరు పొడవున్న అరలో రెక్కకు రెక్క ఆనించి పదకొండు పడతాయి. 777-300ఈఆర్‌లు అయితే ఆరే.

ఎంత ఇష్టమైనదైనా, ఎవరు ఇచ్చినా వేరే కొలతలోది ఆ అరలో పెట్టకండి. ఏటీఆర్ పక్కన 777 ఎంత పెద్దదో కంటికి తెలియాలి. మీరు కూర్చున్నప్పుడు కాళ్లు ఎందుకు ముడుచుకోవాల్సి వచ్చిందో, ఎందుకు చాచుకోగలిగారో అప్పుడే అర్థమవుతుంది.

ఒకేలాంటివి ఎన్నైనా కొనండి

తోటి సేకరణదారులతో పెద్ద గొడవ ఇక్కడే. తరచూ దేశంలో తిరిగే వాళ్ల పుస్తకం తెరిస్తే పేజీల నిండా ఏ320లే ఉంటాయి. నీలం ఇండిగోలు వరసగా పదిహేను నిలబెడితే చూసేవాళ్లకు ఒకే బొమ్మ పదిహేనుసార్లు కొన్నట్టు ఉంటుంది. ఒక కాంకార్డ్, ఒక 747, ఒక ఏ380 పెట్టుకుంటే అర కళకళలాడుతుంది కదా అంటారు. మీరు జీవితంలో గడిపిన గంటలు ఆ నీలం విమానాల్లోనివి. కాంకార్డ్‌లో ఒక్క నిమిషం కూడా గడపలేదు. అర మీ గంటల్ని చూపించాలి.

పైగా అవి ఒకేలా ఉండవు. దగ్గరికి వెళ్లి చూడండి. పాత ఏ320ల్లో కొన్నిటికి రెక్క చివర చిన్న బాణం మొన లాంటి పలక ఉంటుంది, కొన్నిటికి పైకి వంగిన షార్క్‌లెట్. నిజం షార్క్‌లెట్ ఎత్తు 2.4 మీటర్లు, మోడల్‌లో 6 మిల్లీమీటర్లు. ఇండిగోకు 2016లో మొదట వచ్చిన కొత్త తరం ఏ320 నియోలకు ప్రాట్ అండ్ విట్నీ ఇంజిన్లు, తర్వాత వచ్చిన చాలావాటికి సీఎఫ్ఎం లీప్ ఇంజిన్లు. రెండింటి తొడుగుల ఆకారం వేరు. మీ పుస్తకంలో ఉన్న అక్షరాలకు ఏ ఇంజినో తెలుసుకుని, మోడల్‌కు అదే ఉందో లేదో చూసి కొనండి. తయారీదారు ఒకే అచ్చుతో రెండిటినీ కానిచ్చేస్తే ఆ మోడల్‌ను వదిలేయండి, ఎంత బాగున్నా సరే.

ఇక్కడ ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఏ320 గురించి చెప్పకుండా ముందుకు పోలేను. 1989లో ఆ విమానాలు మన దేశానికి వచ్చినప్పుడు చాలా ఊళ్ల రన్‌వేలు అంత బరువుకు తగినంత గట్టిగా లేవు. అందుకని బరువు సర్దుకునేలా ప్రధాన చక్రాలు ఒక్కో కాలికి రెండు కాకుండా నాలుగు పెట్టించుకున్నారు. ప్రపంచంలో మిగతా ఏ320లన్నీ రెండేసి చక్రాల మీద దిగుతుంటే మనవి నాలుగేసి మీద దిగేవి. మీరు తొంభైల్లో బేగంపేట నుంచి ఢిల్లీకి వెళ్లి ఉంటే, దిగేటప్పుడు నేలను తాకినవి అవే అయ్యుంటాయి. కాబట్టి నారింజ తోక ఉన్న ఆ మోడల్ ఎక్కడ కనబడినా డబ్బు తీసే ముందు బోల్తా తిప్పి చక్రాలు లెక్కపెట్టండి. కాలికి రెండే ఉంటే అది వేరే దేశపు ఏ320కి మన రంగు పూసింది. వెనక్కి ఇచ్చేయండి. అమ్మేవాళ్లు ఇంత చిన్నదానికి ఎవరు పట్టించుకుంటారంటారు. మన రన్‌వేల కథంతా ఆ నాలుగు చక్రాల్లో ఉంది, పట్టించుకోవాలి.

అక్షరాలు మార్చేయండి

తయారీదారులు ఒక కంపెనీకి వందల విమానాలుంటే వాటిలో రెండో మూడో అక్షరాల వరసలు ఎంచుకుని మోడల్ చేస్తారు. ఒక్కో విడతలో కొన్ని వందలే వస్తాయి. మీరు ఎక్కింది వాటిలో ఉండే అవకాశం తక్కువ. రంగూ రకమూ ఇంజినూ సరిపోయిన మోడల్ కొని, దాని అక్షరాలు తీసేసి మీవి వేయండి. నాలుగైదు వేలు పెట్టి కొన్నదాన్ని పాడుచేస్తున్నావని మిత్రులు గగ్గోలు పెడతారు. వాళ్ల దృష్టిలో ఫ్యాక్టరీ వేసిన అక్షరం పవిత్రం. ఫ్యాక్టరీవాళ్లకు మీరు ఏ విమానం ఎక్కారో తెలియదు కదా.

పని కష్టమే. నిజం విమానం మీద 30 సెంటీమీటర్లున్న అక్షరం 1:400లో ముప్పావు మిల్లీమీటరు. థిన్నర్‌తో పాత అక్షరాలు చెరిపేయాలని చూస్తే కింద రంగు కూడా లేచిపోతుంది, ఆ జోలికి పోవద్దు. నీళ్లలో తడిపి జార్చి అంటించే డెకల్ కాగితం దొరుకుతుంది. విమానం ఒంటి రంగులో సన్నని పట్టీ ముందు అంటించి, ఆరాక దాని మీద కొత్త అక్షరాల డెకల్ వేయండి. మెడకు తగిలించుకునే భూతద్దం, సన్న చిమటా, మంచి వెలుతురు కావాలి. ముందు కుడివైపు అంటించండి. చేయి కుదిరాక అర బయటికి కనబడే ఎడమవైపు చేయండి.

పెట్టె పారేయండి

ఇల్లు చేరేదాకా పెట్టె కావాలి. చేరాక అక్కర్లేదు. పెట్టె దాచమనేది తర్వాత అమ్ముకోవడానికి. మీరు ఎక్కిన విమానం, మీ చేత్తో అక్షరాలు మార్చిన విమానం, దాన్ని ఎవరికి అమ్ముతారు? పెట్టెలు దాచిన ఇళ్లు చూశాను. మంచాల కింద, అటకల మీద ఖాళీ అట్టపెట్టెలు, వాటి వల్ల చోటు లేక బయటే పడి ఉన్న సూట్‌కేసులు.

దీన్ని పెట్టుబడి అనుకునేవాళ్లు డింకీ కథ వినాలి. లివర్‌పూల్‌లోని మెకానో కంపెనీ 1934 నుంచి డింకీ విమానాలు చేసింది. కరిగిన జింకు మిశ్రమాన్ని ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో పంపి పోతపోయడం అప్పుడూ ఇప్పుడూ ఒకటే పద్ధతి. కానీ ఆ రోజుల్లో లోహంలో సీసం లాంటి మలినాలు పడేవి. అలాంటి పోత ఏళ్లు గడిచేకొద్దీ లోపల్నుంచే ఉబ్బి, పగిలి, చివరికి పొడి అవుతుంది. ఆపే మందు లేదు. యుద్ధానికి ముందటి డింకీ విమానాల్లో ఎన్నో అలా పెట్టెల్లో ఉండగానే రాలిపోయాయి. ఇప్పుడు వాడే మిశ్రమం శుభ్రమైనది, 4 శాతం దాకా అల్యూమినియం, ఇంత మెగ్నీషియం, ఇంత రాగి కలిసినది, అలా జరగదు. అయినా ముట్టుకోకుండా దాచినంత మాత్రాన ఏ వస్తువూ నిలిచిపోదని ఆ విమానాలు చెబుతున్నాయి. ముట్టుకోండి.

సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇల్లయితే విమానాల్ని దింపి మెట్ల మీద పెట్టండి. పైమెట్టు దేవుళ్లది, కింద ఊరు, సంత, పెళ్లి ఊరేగింపు ఉండే చోట ఎయిర్‌పోర్టు కూడా ఉండొచ్చు. పేరంటానికి వచ్చిన పిల్లలు తీసి ఎగరేస్తారు. ఎగరేయనివ్వండి. వాళ్లమ్మలు వారిస్తే మీరే ఒకటి చేతికివ్వండి. ముందు చక్రాల కాలు విరుగుతుంది, తర్వాత వీపు మీది సన్న యాంటెన్నా. ఫెవిక్విక్‌ను నేరుగా ట్యూబుతో వేయకుండా పిన్ను మొనతో తాకించండి. ఎక్కువైతే చుట్టూ రంగు మీద తెల్లటి పొర కడుతుంది. దసరాకి ఆయుధపూజలో పెట్టుకుంటే బొట్టు స్టాండుకు పెట్టండి. పసుపు తెల్ల రంగు మీద పడితే ఇక పోదు.

దుమ్ముకు మెత్తటి మేకప్ బ్రష్ చాలు. ఎండ తగలని గోడ చూసుకోండి.

పోయిన కంపెనీలు, కూలిన విమానాలు

ఎయిర్ దక్కన్, కింగ్‌ఫిషర్, జెట్, మన హైదరాబాద్ ట్రూజెట్, గో ఫస్ట్, విస్తారా. తరచూ తిరిగే తెలుగువాళ్ల పాత బోర్డింగ్ పాసుల్లో ఈ పేర్లన్నీ ఉంటాయి. కంపెనీ మూతపడిన మరుసటి వారం దాని మోడళ్లకు గిరాకీ పెరుగుతుంది, చూసి ఆవేశపడకండి. ముందు పాత బోర్డింగ్ పాసులన్నీ ఫొటోలు తీసి పెట్టుకోండి. ఆ వేడి కాగితం మీద ముద్ర ఏటేటా వెలిసిపోతుంది. తర్వాత ఇంట్లో ఆల్బమ్‌లు దించండి. 2008 మార్చిలో శంషాబాద్‌కు మారేదాకా బేగంపేటలో సాగనంపడానికి కుటుంబాలన్నీ వచ్చేవి, ఫొటోలు దిగేవి. వెనక తోక సగం పడ్డా, రెక్క చివర పడ్డా చాలు, తేదీతో కలిపి వెతికితే అక్షరాలు దొరుకుతాయి. 2003లో ఎయిర్ దక్కన్ ఏటీఆర్‌లో విజయవాడ వెళ్లినవాళ్లు కార్టూనిస్టు ఆర్.కె. లక్ష్మణ్ గీసిన సామాన్యుణ్ని మర్చిపోయి ఉండరు. ఆ కంపెనీకి ఆయనే గుర్తు. జెట్ చివరి విమానం 2019 ఏప్రిల్ 17న, విస్తారా 2024 నవంబరు 11న ఎగిరాయి. అవి మీరు ఎక్కితే కొనండి, ఎంత ధర పలికినా. ఎక్కకపోతే ఎంత చవకైనా వద్దు.

మీరు ఎక్కిన విమానం ఆ తర్వాత కూలిపోతే చాలామంది మోడల్ తీసేస్తారు. ఇంట్లో ఉండకూడదంటారు. తీయకండి. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో కూలిన ఎయిరిండియా 787, వీటీ-ఏఎన్‌బీ, పదకొండేళ్లకు పైగా తిరిగింది. ఆ రోజు అందులో ఉన్న 242 మందిలో ఒక్కరే బతికారు. కింద నేల మీద ఉన్నవాళ్లూ పోయారు. మీరు అంతకుముందు ఎప్పుడో అదే విమానంలో కిటికీ పక్కన కూర్చుని, భోంచేసి, నిద్రపోయి, క్షేమంగా దిగి ఉంటే ఆ వరస మీ పుస్తకంలో ఉంటుంది. దాన్ని కొట్టేయలేరు కదా. అరలో దాని చోటు దానిదే. ఎవరైనా వచ్చి అడిగితే చెప్పండి. కొత్తగా మాత్రం, వార్తల్లో చూసి, అలాంటి విమానం మోడల్ కొనకండి. ఆ పని చేసేవాళ్లతో నాకు మాటల్లేవు.

అమ్మ అర

నియమానికి ఒక్క సడలింపు ఉంది. మీ అమ్మానాన్నలు, అత్తమామలు ఎక్కిన విమానాలకు వేరే అర కేటాయించండి. కూతురి పురిటికని డల్లాస్‌కో న్యూజెర్సీకో జీవితంలో మొదటిసారి విమానం ఎక్కిన అమ్మకు ఆ రోజు పెట్టిన తిండి, దోహాలోనో దుబాయిలోనో నడిచిన దూరం గుర్తుంటాయి, విమానం పేరు గుర్తుండదు. పాస్‌పోర్టులో ముద్ర ఉంటుంది. తేదీ తీసుకుని వెతకడం మీ బాధ్యత. దొరికిన రోజు మోడల్ తెప్పించి ఆవిడ చేతిలో పెట్టండి, కూర్చున్న కిటికీ ఎక్కడో చూపించండి. నిజాం రైల్వే వారి డెక్కన్ ఎయిర్‌వేస్ 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసేదాకా బేగంపేట నుంచి డీసీ-3లు నడిపింది. తాతగారు వాటిలో వెళ్లినట్టు ఇంట్లో చెప్పుకుంటే, ఏ ప్రయాణమో ఆధారం దొరికితే, 5 సెంటీమీటర్ల ఆ విమానానికీ ఇక్కడ చోటుంది. దూరపు చుట్టాల ప్రయాణాలు వద్దు. అప్పుడిక అంతు ఉండదు.

డబ్బు

1:400లో ఇప్పుడు వచ్చే మంచి మోడల్ 50 డాలర్ల దరిదాపుల్లో ఉంటుంది. బయటి దేశం నుంచి కొరియర్లో తెప్పిస్తే సుంకం మోత మోగుతుంది. మన ప్రభుత్వం బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెంచింది. అందుకే తిరిగే మనిషి తనతో తెచ్చుకోవడమే మేలు. చెక్‌ఇన్ సూట్‌కేసులో వేయకండి, చేతి సంచిలోనే ఉండాలి. ఎక్స్‌రేలో లోహపు విమానం స్పష్టంగా కనబడుతుంది, ఆపి తెరవమంటారు. పెట్టె పైనే ఉంచుకుంటే నిమిషంలో అయిపోతుంది.

ఎయిర్‌లైన్స్ ఇచ్చే మైళ్ల సంగతి. లెక్కలు తెలిసినవాళ్లు మైళ్లతో వస్తువులు కొనొద్దంటారు, టికెట్ కొంటే మైలుకు ఎక్కువ విలువ వస్తుందంటారు. లెక్క నిజమే. అయినా లుఫ్తాన్సా వరల్డ్‌షాప్ లాంటి చోట్ల మైళ్లిచ్చి మోడల్ తీసుకునే వీలుంటే తీసుకోండి. ఆ మైళ్లు మీకు ఆ విమానాలే సంపాదించిపెట్టాయి, వాటికే ఖర్చు కావడం న్యాయం. ఆఫీసు పని మీద అన్నిసార్లు ఎగిరిన మనిషికి ఇంకో ఉచిత టికెట్ ఎందుకు?

బేగంపేటలో వింగ్స్ ఇండియా ప్రదర్శన జరిగినప్పుడు వెళ్లండి, పిల్లల్నీ తీసుకెళ్లండి. 2024 జనవరిలో అక్కడికి బోయింగ్ 777-9 వచ్చింది, వేలమంది చూశారు. చూడటం వేరు, ఎక్కడం వేరు. బయటికొస్తూ దాని మోడల్ కొనొద్దు. అది మీ రూట్లో తిరిగే రోజు వస్తే అప్పుడు కొందురు.

చివరగా బహుమతుల గొడవ. మీకు ఈ సరదా ఉందని తెలిశాక ఆఫీసులో ఎవరో ఒకరు వీడ్కోలు రోజున కాంకార్డ్ మోడల్ తెచ్చిస్తారు. దాని ప్రయాణికుల సర్వీసు 2003 అక్టోబరులోనే ఆగిపోయింది, మీరు ఇక ఎక్కలేరు. తీసుకోండి, మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు చెప్పండి, నెల తిరక్కుండా విమానాల పిచ్చి ఉన్న ఏ పిల్లవాడికో ఇచ్చేయండి. ఇచ్చినవాళ్లు ఇంటికొచ్చి ఏదని అడిగితే ఉన్నమాట చెప్పండి. 1:400లో కాంకార్డ్ 15 సెంటీమీటర్ల పైచిలుకు. ఆ చోటు విజయవాడ నుంచి వచ్చిన రెండు ఏటీఆర్‌లకు సరిపోతుంది.